పాత బండికి చల్లగాలి

మా మామ బొగ్గుబాయిల కొలువు చేసి రిటైరయినప్పుడు, ఆయన తోటోళ్లు కొందరు ఇండ్లు కట్టుకున్నరు, కొందరు భూములు కొన్నరు. మామ మాత్రం ఒక పాత అంబాసిడర్ కారు కొని, శ్రీరాంపూర్ నుంచి కరీంనగర్ దాక తానే నడుపుకుంట ఇంటికి తెచ్చిండు. నేను ఆ ఇంటికి కోడలుగ వచ్చేసరికి అది రేకుల షెడ్డు కింద మీగడ రంగుల మెరుసుకుంట ఉండె. కొత్తకోడలిని చూడొచ్చిన చుట్టాలు నన్నెంతసేపు చూసిన్రో ఆ కారును గూడ అంతసేపు చూసిన్రు.

మా అత్త నా పెండ్లికి ముందే పోయింది. పెండ్లయిన ఏడాదికి నా పెనిమిటి గల్ఫ్‌కు పోయిండు. అక్కడ కార్ల గ్యారేజీల పని. ఇంట్ల మామ, నేను. నేను మిషన్ మీద జాకెట్లు కుట్టేదాన్ని. మామ పేపరు చదివి, చెట్లకు నీళ్లు పోసి, సాయంత్రం బండి తుడిచేటోడు. కొన్నేండ్లకు షుగర్‌తోని ఆయన చూపు మందగించింది. ఒకరోజు బండిని గేటుకు రాకిచ్చుకున్నడు. దిగి, గీత పడ్డ తలుపును చేత్తోని నిమిరి, తాళంచెవి తెచ్చి నా కుట్టుమిషన్ మీద పెట్టిండు.

"నా కండ్లు ఇగ దీనికి సరిపోవు బిడ్డా. నువ్వు నేర్చుకో."

"నేనా? నాకు సైకిలే సక్కగ రాదు మామా."

"సైకిలైతే పడతది. దీనికి నాలుగు టైర్లున్నయి, ఏం ఫికర్ చెయ్యకు."

మానేరు కట్ట దిక్కు ఖాళీ జాగల ఆయన నాకు బండి నేర్పిండు. పక్క సీట్ల కూసోని, కండ్లు మూసుకొని, ఇంజను చప్పుడు విని చెప్పేటోడు. "ఇప్పుడు గేరు మార్చు. ఇప్పుడు కాలు తియ్యి." ఆ తీరు నాకు తొందరగనే పట్టువడ్డది. మా అవ్వ, బాపు మరమగ్గాల మీద బట్ట నేసినోళ్లు. మా ఇంట్ల పోగు తెగితే చూడకముందే చెవులకు తెలిసేది. చప్పుడు వినుడు నాకు పుట్టుకతోని వచ్చిన పని.

తర్వాత ఒక ఫొటో స్టూడియో ఆయన వచ్చి, పెండ్లికి ముందు తీసే ఫొటోలకు పాత కారు కావాలె, జర ఇస్తరా అని అడిగిండు. ఆ ఫొటోలు చూసి ఇంకొకరు అడిగిన్రు. అట్ల మెల్లగ మా బండి పెండ్లిండ్లకు పోవుడు షురూ అయింది. అప్పగింతలయినంక పెండ్లిపిల్లను అత్తగారింటికి తోలుకపోవుడు నా పని. మామ ముందటి సీట్ల కూసునేటోడు. నడిపేది ఆడమనిషని చూసి పెండ్లిపిల్లల భుజాలు కొంచెం దిగేటివి. ఊరు దాటేదాక ఏడ్చి, తర్వాత అద్దంల నన్ను చూసి, "అక్కా, నీ పెండ్లప్పుడు నువ్వు గూడ ఏడ్చినవా?" అని అడిగేటోళ్లు. "ఏడ్సిన. ఆకలయినంక ఆపిన" అని చెప్పేదాన్ని. నవ్వేటోళ్లు. నాకు ఆ పని మీద ఇష్టం అట్ల పుట్టింది.

ఒక ఎండాకాలం హుజూరాబాద్ పిల్లను ఇచ్చోడ దాక దింపాలె. నిర్మల్ దాటినంక గుట్టల నడుమ ఘాట్ రోడ్డు ఎక్కాలె. మే నెల, మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద తారు మెత్తవడి టైర్లకు అంటుకుంటున్నది. ఘాట్ మొదట్లనే బండి వెనుకకు గుంజినట్టయింది. మూడో గేరుల లాగలే, రెండోదానికి దించిన. ఇంకొన్ని మలుపులు ఎక్కినంక దగ్గి, ఊపిరాగినట్టు ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళంచెవి తిప్పినా ఇంజను తిరుగుతది గని అందుకోదు.

మామ దిగి, ఇంజను పక్కనుండే చిన్న పెట్రోలు పంపు మీద తడిబట్ట చుట్టిండు. పాత బండ్లోళ్లందరు చేసే పనే అది. పెండ్లికొడుకు మేనమామ వెనుక జీపుల వస్తుండె. ఆయన దిగి నడుంమీద చేతులు పెట్టుకొని, "ఇసొంటి ముసలి బండికి ఘాట్ ఎందుకమ్మా? ఫొటోలు దిగి ఇంటికి పోవాలె" అన్నడు. పెండ్లికొడుకును, పెండ్లిపిల్లను జీపుల ఎక్కించుకున్నడు. ఆ పిల్ల ఎక్కుకుంట వెనుకకు తిరిగి, "నేను అక్క బండిలనే పోత" అన్నది. ఎవ్వరు వినలే. జీపు పోయినంక బట్ట చల్లారి, పంపు చల్లారి, బండి మళ్ల సురువయింది. ఖాళీ వెనుక సీటుతోని మేమిద్దరం ఇంటికి మర్రినం.

ఆ సాయంత్రం నా పెనిమిటి ఫోన్ చేసినప్పుడు జరిగిందంతా చెప్పిన. నాకు ఏడుపు ఆగలే. ఆయన మొత్తం విన్నడు.

"నీ బండికి గాలి ఆడుత లేదు" అన్నడు. "బానెట్ కింది గాలి ఎట్లుంటదో తెలుసా? పొయ్యిమీది గాలి లెక్క. ఇంజను ఆ కాగిన గాలినే పీలుస్తుంది. ఇక్కడ మేము కార్లకు చల్లగాలి పైపులు పెడతం. బయటి గాలి చల్లగుంటది. చల్లటి గాలి చిక్కగుంటది. చిక్కటి గాలి పోతే పెట్రోలు మంచిగ మండుతది, బండికి బలమొస్తది. ఇక్కడ పోరగాండ్లు ఎగవడి పెట్టిచ్చుకుంటరు."

"పాత బండికి గూడనా?"

"ఇంజను ఏదైనా ఇంజనే గదనే. నేను పంపిస్త, ఆగు."

ఆ మాటల ఆయన ఎంత సంబురపడ్డడో నాకు ఇప్పటికి యాదికున్నది. అంత దూరం నుంచి నా పనిల చెయ్యి పెట్టే అవకాశం ఆయనకు మొదటిసారి దొరికింది.

కొద్దిరోజులకు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన సామాను తెచ్చిచ్చిండు. అత్తరు సీసాలు, చాక్లెట్ల నడుమ మెరిసే అల్యూమినియం పైపు, గరాటు తీరుగ ఎర్రటి గాలి ఫిల్టర్. మామ దాన్ని కండ్ల దగ్గరికి పట్టుకొని అటిటు తిప్పి చూసిండు.

"వద్దు బిడ్డా" అన్నడు.

"ఎందుకు మామా?"

"బాయిల నేను ఫ్యాను కాడ డ్యూటీ చేసిన్నా లేదా? లోపటికి గాలి పోయేది ఒక తొవ్వ, బయటికొచ్చేది ఇంకో తొవ్వ. ఎవడన్న తెలివికి పోయి నడుమల ఒక తలుపు తీసిండనుకో, గాలంతా ఉల్టా అయితది. ఈ బండి చేసినోడు దానికి ఏ గాలి కావాల్నో చూసే చేసిండు. ముసలి ప్రాణానికి చల్లగాలి తాకిస్తే జలుబు చేస్తది."

"నీ కొడుకు ఊకెనే చెప్పడు గద. ఆయన పనే అది."

"వాడు కొత్త బండ్లకు పెడుతుండు. ఇది నా అంత ముసలిది."

ఇద్దరం ఒకరి మాట ఒకరం వినలే. ఆఖరికి హుజూరాబాద్‌ల మెకానిక్ చాచా దగ్గరికి పోదామనుకున్నం. చాచా ముసలాయన. పాత కార్లల గాలి, పెట్రోలు కలిపే కార్బొరేటర్లు విప్పి కడిగి బిగించుట్ల ఆయనకు పేరున్నది. షెడ్డుల ఎప్పుడు రేడియో మోగుతనే ఉంటది. పైపును చూసి తల గోక్కున్నడు.

"నేను గిసొంటిది పాత బండికి పెట్టలే బేటీ. పెట్టి చూద్దాం. పాతది పారెయ్యకు, డిక్కీల పెట్టుకో."

పాత గాలి డబ్బా విప్పి ఎర్ర ఫిల్టర్ బిగించిండు. పైపు బానెట్ ముందటి దాక అందక, కొస ఇంజను పక్కనే ఆగింది. చెవి తిప్పి ఎక్సలేటర్ తొక్కిన. అబ్బ, ఏం గర్జన! మీగడ రంగు పెద్దమనిషి పులి లెక్క గుర్రుమన్నడు. కరీంనగర్ దాక వచ్చే తొవ్వల బండి గాలిల పోతున్నట్టే అనిపించింది. లారీని దాటిన. బస్సును దాటిన.

"చూసినవా మామా!"

మామ కండ్లు మూసుకొని వింటుండు. "మోత పెరిగింది బిడ్డా. ఉరుకుడు పెరిగిందో లేదో నాకు తెల్వదు."

"పెరిగింది. నాకు తెలుస్తలేదా?"

"మీ ఇంట్ల మగ్గం మోత ఎక్కువైతే బట్ట ఎక్కువ దిగేదా?"

నాకు కోపమొచ్చింది. మగ్గం మోత ఎక్కువైందంటే ఏదో వదులైందనే లెక్క. ఆ సంగతి నాకు తెల్వనిది కాదు. అయినా ఆ గర్జన వింటుంటే కాలు దానంతటదే కిందికి తొక్కుతున్నది. బండి బలం పెరిగిందా, నేనే గట్టిగ తొక్కుతున్ననా? ఆ రోజు సాయంత్రం జాకెట్టుకు గుండీలు కుట్టుకుంట అదే ఆలోచించిన.

తెల్లారి మామనే ముచ్చట తీసిండు. "అనుకునుడు వద్దు. కొలుద్దాం. బాయిల గాలి మంచిగున్నదని ఎవడన్న నోటితోని చెప్తే మేము దిగేటోళ్లం కాదు. కొలిచి చూసే దిగేటోళ్లం."

"ఎట్ల కొలుస్తం?"

"మనకు ఘాట్ ఉన్నది గద."

నిర్మల్‌ల మా ఆడబిడ్డ ఇల్లున్నది. కొన్ని దినాలు అక్కడ ఉందామని బండి తీసుకొని పోయినం. వెనుక సీట్ల పెండ్లిపిల్ల, పెండ్లికొడుకు బరువుకు బదులు బియ్యం బస్తాలు వేసినం. మా ఆడబిడ్డ నవ్వుకుంట బస్తాలకు బొట్టు పెట్టింది. రోజు ఒకటే ఎండ పూట, ఒకటే వేగంతోని, మూడో గేరుల ఘాట్ మొదలు పెట్టాలె. బండి ఇగ లాగలేక రెండో గేరు అడిగే జాగ ఎక్కడో చూసుకోవాలె. ఆ జాగ ఎంత పైకి పోతే బండికి అంత బలమున్నట్టు. పైపు పెట్టిన రోజే నాకు పానా పట్టుడు చాచా నేర్పిండు కాబట్టి విప్పుడు, బిగించుడు నేనే చేసిన.

మొదటిరోజు పాత గాలి డబ్బాతోని పోయినం. తొవ్వ పక్కన సున్నం కొట్టిన పెద్ద రాయి ఒకటున్నది. సరిగ్గ దాని కాడ బండి వణికింది, రెండో గేరు వేసిన.

రెండోరోజు ఎర్ర ఫిల్టర్ పెట్టి పోయినం. గర్జించుకుంట ఎక్కినం. తొవ్వల కోతులు భయపడి చెట్లెక్కినయి. నేను మనసుల ఆ రాయిని ఎప్పుడో దాటేసిన. కని బండి రాయి దాక రానేలే. దానికన్న ఇవతలనే దమ్ము విడిచింది. నేను నమ్మలే. మళ్ల కిందికి దిగి, చల్లారినంక మళ్ల ఎక్కిన. మళ్ల అక్కడనే.

బానెట్ ఎత్తి పైపు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసిన. పెనం లెక్క కాలుతున్నది. అప్పుడు సమజైంది. చల్లగాలి పైపని పేరు పెట్టినం గని, అది పీల్చేది ఇంజను పక్కనున్న కాగిన గాలినే. పాత డబ్బా మూతి అన్న జర ఎడంగ ఉండె. ఇది సక్కగ పొయ్యిల మూతి పెట్టింది.

"మామా, నువ్వే గెలిచినవ్" అన్న.

ఆయన నవ్వుతడనుకున్న. నవ్వలే. పైపు కొసను వేలితోని చూపిచ్చిండు. "అట్లెట్లయితది? వాడు చెప్పింది చల్లగాలి. మనం పెట్టింది వేడిగాలి. వాడు చెప్పింది మనం ఇంక చూడనేలే. ముందటి జాలి కాడ నుంచి గాలి తెచ్చి చూద్దాం."

వద్దన్న మనిషే తెల్లారి నిర్మల్ బజారంత తిరిగి మందపాటి రబ్బరు గొట్టం తెచ్చిండు. ముందట దీపం పక్కనున్న సందుల నుంచి దాన్ని లోపటికి తీసుకొచ్చి, ఎర్ర ఫిల్టర్ చుట్టు రేకు డబ్బా ఒకటి కట్టి, గొట్టాన్ని దాంట్లకు పెట్టినం. ఆ రోజు ఘాట్ ఎక్కుతుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టుకున్నం. సున్నం రాయి దగ్గరికి వచ్చింది. దాటింది. ఇంక కొంచెం పైకి, టేకుచెట్లు గుంపుగ ఉన్న జాగ దాక లాగి, అప్పుడు రెండో గేరు అడిగింది.

"దాటింది!" అని మామ సీటు మీద చరిచిండు.

దాటింది, నిజమే. కని రాయికి, టేకుచెట్లకు నడుమ దూరం పెద్దగ లేదు. ఒక ఇంటి వాకిలంత. అందుకోసం ఇంత పరేషాన్ అయినమా అనిపించింది. పైగ అదే రోజు ఘాట్ మీదికి ఎక్కినంక బండి మళ్ల దగ్గి ఆగిపోయింది. ఆ పెండ్లి రోజు ఆగినట్టే. మళ్ల తడిబట్ట. అంత చల్లగాలి పీల్చినా ఆ జబ్బు మాత్రం పోలే.

హుజూరాబాద్ పోయి చాచాకు అంతా చెప్పిన. ఆయన రేడియో బందు చేసి మరీ విన్నడు. రాయి ముచ్చట, టేకుచెట్ల ముచ్చట మళ్ల మళ్ల అడిగిండు.

"బండి ఆగుడు వేరే రోగం బేటీ, లాగకపోవుడు వేరే రోగం. మనం రెండిటిని ఒకటే అనుకున్నం. ఆగేది గాలితోని కాదు. పెట్రోలు పోయే సన్నటి పైపు చూడు, సైలెన్సర్ గొట్టానికి ఎంత దగ్గర పోతున్నదో. ఆ వేడికి పెట్రోలు పైపులనే ఆవిరైతుంది. పంపు ఆవిరిని లాగలేదు."

ఆ సన్నటి పైపును ఎడంగ జరిపి, నడుమ రేకు ఒకటి అడ్డం పెట్టిండు. తర్వాత ఇంజనుల నిప్పు పుట్టిచ్చే ప్లగ్గులు విప్పిండు. ఒకటి తీసి నా అరచేతుల పెట్టిండు. దాని కొస తెల్లగ సున్నం తీరుగ ఉన్నది.

"ఇది గూడ చూడు. గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది. గాలి పెంచినప్పుడు దానికి సరిపోను పెట్రోలు గూడ పెంచాలె. నేను ఆ రోజే చెయ్యాల్సి ఉండె. నాకు తోచలే."

కార్బొరేటర్ కడిగి, పెట్రోలు పాళ్లు సరిచేసి, ట్యాపెట్ల సందు చూసి, ప్లగ్గులకు కరెంటు తెంపి పంపే పాయింట్ కొత్తది వేసి బండి ఇచ్చిండు. మామకు ఆగలే. మళ్ల నిర్మల్, మళ్ల బియ్యం బస్తాలు. ఈసారి బండి రాయి దాటి, టేకుచెట్లు దాటి, మలుపు కాడున్న చిన్న గుడి దాక మూడో గేరులనే పోయింది. నేను గుడి కాడ బండి ఆపి దండం పెట్టిన. మామ మాత్రం ఆగనియ్యలే.

"ఇప్పుడు రబ్బరు గొట్టం తీసి, పాత డబ్బా పెట్టి ఎక్కుదాం."

"ఎందుకు మామా? మంచిగ అయింది గద!"

"ఎందువల్ల మంచిగయిందో తెల్వద్దా?"

చాచా చెప్పినట్టు పెట్రోలు పాళ్లు జర తగ్గించి, పాత డబ్బా బిగించి మళ్ల ఎక్కినం. గుడికి కొంచెం ఇవతల రెండో గేరు అడిగింది. మళ్ల ఆ వాకిలంత దూరమే తేడా. అంటే లెక్క తేలింది. బలం ఎక్కువ భాగం కడిగి, సరిచేసుకున్నందుకు వచ్చింది. చల్లగాలి ఇచ్చింది కొంచెమే, అది గూడ నిజంగ బయటి గాలి అయితేనే. మోతకు, బలానికి ఏ సంబంధం లేదు. ఇది మా ఇద్దరి కండ్లముందట, ఎండల, చెమటల తేలిన సత్యం. ఆ కొంచెమైనా ఎందుకు ఇడువాలని ఎర్ర ఫిల్టర్, రబ్బరు గొట్టం మళ్ల బిగించి, పెట్రోలు పాళ్లు ఎప్పటితీరుగ పెట్టినం.

ఇగ ఈ ముచ్చట నా పెనిమిటికి చెప్పాలె. ఆయన రోజు అడుగుతనే ఉన్నడు, "ఎట్లుంది? ఉరుకుతుందా?" అని. ఇంక చూస్తున్నం అని దాటేస్తున్న. అంత ప్రేమతోని పంపిన సామాను. ఒక అబద్ధం చెప్తే ఏంబోతది అని గూడ ఒకసారి అనిపించింది. కని ఆయన అక్కడ గ్యారేజీల నిలబడి, తన చేత్తోని పెట్టినదాని మీద ఇంకొకరికి నా అబద్ధాన్నే నిజమని చెప్తడు. ఆ ఆలోచన వచ్చినంక దాచబుద్ధి కాలే. శుక్రవారం ఆయనకు సెలవు. ఆ రోజు వీడియోల కూసోబెట్టి, బానెట్ ఎత్తి, ఒక్కొక్కటి చూపిచ్చుకుంట మొత్తం చెప్పిన. ఘాట్, రాయి, బియ్యం బస్తాలు, కాలిన చెయ్యి, అన్ని.

ఆయన ఫోన్‌ను మొహానికి దగ్గరగ పట్టుకొని పైపు దిక్కు చూసిండు.

"అంటే నేను పంపింది ఉత్తదేనా?"

"ఉత్తది కాదు. కొంచెం పనిచేసింది. కని నువ్వు పంపకపోతే నేను బానెట్ ఎత్తేదాన్నే కాదు. పెట్రోలు పైపు సంగతి తెలిసేదే కాదు."

తర్వాత ఆయన అన్న మాట నేను అనుకోనిది. "ఇన్నేండ్ల సంది ఎన్ని కార్లకు పెట్టిన్నో! ఒక్కడు గూడ తిరిగొచ్చి, గింత పనిచేసింది, గింత చెయ్యలే అని చెప్పలే. నేను గూడ అడగలే. నువ్వు పానా పట్టి, ఘాట్ ఎక్కి చూసినవ్." ఆయన కాయితం, పెన్ను తీసుకున్నడు. "మళ్లొక్కసారి చెప్పు, ఆ రేకు డబ్బా ఎట్ల కట్టినరు?"

ఆ రోజు నుంచి మా ఫోన్ల ముచ్చట్లు మారినయి. అంతకుముందు తిన్నవా, పన్నవా, ఎండలెట్లున్నయి, ఇవే ఉండేటివి. ఇప్పుడు ఆయన ప్రశ్నలు అడుగుడు, నేను చాచాను అడిగి చెప్పుడు. అక్కడ గ్యారేజీల ఒక ముసలి అరబ్బు ఆయన పాత కారు తెస్తే, ముందు ప్లగ్గు విప్పి చూసిన అని సంబురంగ చెప్పిండు. పెండ్లయినప్పటి సంది మేమిద్దరం ఇంత మాట్లాడుకోలే.

చలికాలం వచ్చింది. ఆదిలాబాద్‌ల ఒక పెండ్లి, పొద్దుపొడుపుకే పిల్లను గుడికి తోలుకపోవాలె. అక్కడి చలి తెలిసినోళ్లకు చెప్పే పనిలేదు. పొగమంచుల ఎదురుగ ఏమి కనవడతలేదు. బండి సురువయింది గని, ఎక్సలేటర్ తొక్కితే తుమ్మినట్టు ఒకటే తుమ్ముడు. ముందటి సీట్ల మామ శాలువ కప్పుకొని ముసిముసిగ నవ్వుతుండు.

"చెప్పిన్నా లేదా జలుబు చేస్తదని?"

"చెప్పినవ్ మామా" అని దిగి, వణుక్కుంట రబ్బరు గొట్టం ఊడదీసిన. ఇంజను పక్కనున్న వెచ్చటి గాలి దొరకంగనే తుమ్ములు ఆగినయి. పెండ్లిపిల్ల అమ్మమ్మ మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడుతది. కిటికీల నుంచి తొంగిచూసి, "కాయ్ ఝాలం పోరీ, ఏమైంది, గాడీకి గూడ చలివెడుతుందా?" అన్నది. ఆ గొట్టం మాత్రం పారెయ్యలే. ఎండాకాలం పెడతం, చలికాలం తీస్తం.

ఆ తర్వాతి మే నెలల ఒక పెండ్లిపిల్లను అదే ఘాట్ మీదికెల్లి తోలుకపోయిన. ఆమె ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. పెండ్లికొడుకు ఆమె తల కొట్టుకోకుండ చెయ్యి అడ్డం పెట్టి కూసున్నడు. గుడి మలుపు ఎప్పుడు దాటిందో వాళ్లకు తెల్వదు. మామకు, నాకు తెలుసు. ఆయన నా దిక్కు చూసిండు, నేను ఆయన దిక్కు చూసిన. అంతే.

నా పెనిమిటి పోయిన ఏడాది వచ్చేసిండు. సెలవు మీద కాదు, మొత్తానికే. చాచాకు మోకాళ్లు సహకరిస్త లేవు, కింద పండి చూసే పని చేతనైత లేదు. తన షెడ్డుల సగం ఈయనకిచ్చిండు. చాచా కుర్చీల కూసోని చెప్తడు, ఈయన కింద పండి చేస్తడు. మామ రోజు బస్సెక్కి పోయి, చప్పుడు విని తన తీర్పు తాను చెప్తడు. ముగ్గురికి ఏ ఒక్క ముచ్చట మీద గూడ పొత్తు కుదరదు. ఆసిఫాబాద్ దిక్కు నుంచి గూడ పాత జీపులు, పాత కార్లు వస్తున్నయి. మొన్న ఒక పిలగాడు తాత కారు తెచ్చి, చల్లగాలి పైపు పెట్టుమని అడిగితే, "ముందు ప్లగ్గు చూపియ్యి" అన్నడట ఈయన.

నేను ఆ పంచాయితీలకు పోను. నాకు తీరికెక్కడిది? రేపు హుస్నాబాద్‌ల పెండ్లి ఉన్నది. పొద్దున్నే పోవాలె. మామిడాకులు, పూలదండలు తెచ్చి నీళ్ల బకిట్ల పెట్టిన. ఈ పెండ్లిపిల్ల ముందే ఫోన్ చేసి ఒక్కటే అడిగింది, "అక్కా, మా ఊరు దాటినంక రోడ్డు ఖాళీ ఉంటది. జరసేపు నేను నడుపుతనా?" అని. లైసెన్సు ఉన్నదా అని అడిగిన. ఉన్నదట. సరే అన్న.